మీరు రాసిన మేయరు

ఇంకెవరికి చదివి వినిపించమంటారండీ? నా గొంతు పోయింది.

పొద్దున బియ్యం కోసం మన వీధిలో చేరారు కదా జనం, వాళ్లకే చదివాను. మీ నవల్లో వరద ఘట్టం. సరస్సు కట్ట డబ్బంతా మింగేసిన మేయరు, ఊరు మునిగాక తన బొమ్మ అచ్చేసిన సంచుల్లో బియ్యం పంచుతాడే, అది.

నాండో కూడా అలాంటి సంచులే పంపాడు మరి. మీ నవలని సినిమా తీసినప్పుడు మేయరు వేషం కట్టాడు కదా, ఆ వేషంలో ఉన్న బొమ్మతోనే. ఇప్పుడు నిజంగానే మేయరు పదవికి నిలబడ్డాడు. అసలు మీరేం రాశారో వింటేనన్నా వీళ్లకి కళ్లు తెరుచుకుంటాయనుకున్నాను.

నవ్వారండీ. నవ్వాలని మీరు రాసిన చోటల్లా నవ్వారు. అయిపోయాక పక్కింటి సెలింగ్ ఏమందో తెలుసా? "సినిమాలో ఇక్కడ పాటుంటుంది పురింగ్ వదినా, అదింకా బాగుంటుంది. నా ఓటు నాండోకే. తినేవాళ్లు ఎలాగూ తింటారు, ఇతను నవ్వించి తింటాడు" అంది. పోయిన వానలకి మన సరస్సు పొంగితే దాని చంటాడు ఆ నీళ్లలోనే కొట్టుకుపోయాడు. అదే అంది ఆ మాట.

అప్పుడే దిగాడు నాండో, కెమెరాలతో. గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "ఆయనకి మాట పడిపోయింది, వెళ్లు బాబూ" అన్నాను.

"నాన్నగారు రాయకపోతే నేనెక్కడున్నానమ్మా?" అంటూ సొంత కొడుకులా నన్ను భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. ప్రేమగానే జరిపాడండీ. అదే నా ఏడుపు.

మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. దీవెన కోసం మీ చెయ్యి నుదుటికి ఆనించుకోవాలని తల వంచాడు. ఈలోగా మీ చెయ్యే లేచింది.

పక్షవాతం వచ్చాక మెతుకు ఎత్తని చెయ్యండీ అది. మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను. పళ్లు బిగించడం చూశాను. కొట్టడానికే కదూ? అవునంటే కళ్లు మూయండి.

ఊఁ. తెలుసు నాకు.

సగంలో సత్తువ చాలక వాడి తల మీద వాలిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. సెలింగ్ కళ్లు తుడుచుకుంది. అది దీవెన కాదర్రా అని మొత్తుకున్నాను. "మొగుడి చెయ్యి కదిలిందిగా, సంతోషంతో ఏదో అంటోంది పాపం" అన్నారు.

ఫోటో అప్పుడే మార్కెట్టు గోడకి ఎక్కించారట. బాగా వచ్చిందట.

ఏం చేస్తాం. జావ చల్లారిపోతోంది, నోరు తెరవండి.