గోడ దిక్కు మొఖం

సిరిసిల్లలో మధ్యాహ్నం కరెంటు పోయి, షెడ్డులో బట్ట నేసే సాంచెలన్నీ, ఆ మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫౌజులో వినికిడి పోగొట్టుకున్న కొడుకు, నూలు కండెలు చుట్టే తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"పింఛను ఎందుకియ్యరట కొడుకా?"

"నాకు మంచిగనే ఇనవడుతుందని రాసిండ్రే అవ్వా. డాక్టర్ ఎదురుంగ కూసొని అడిగినదానికల్లా జవాబు చెప్పిన గద."

"ఇనవడకుంటే ఎట్ల చెప్పినవ్?"

"పెదవులు చూసి. గీ సాంచెల మోతల నాతోని గట్లనే మాట్లాడేదానివి గద. చిన్నప్పటి అలవాటు, తెల్వకుంటనే చెప్పేసిన."

"అయ్యో, నేనే నీ నోట్ల మన్ను గొట్టిన."

"మల్ల పరీక్షకు పిలిచిండ్రు తియ్. గీసారి పెదవులు చూడ."

"అయితే గోడ దిక్కు మొఖం పెట్టు. నేను ఎనుకనుంచి పిలుస్త. పలకకుంట అలవాటు చేసుకో."

అతను గోడవైపు తిరిగాడు. ఆమె పేరుపెట్టి పిలిచింది. చప్పట్లు కొట్టింది. అతను కదల్లేదు. ఆమె తృప్తిగా ఊరుకుంది.

"ఆఁ, అస్తున్న!"

ఆమె అతని భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నేను పిలిస్తే పలకలే. ఊకున్నంక ఎవలకు పలికినవ్‌రా?"

"మజర్‌కు."

"ఫిరంగి పగిలి నీ పక్కనే పాణం పోయిన మజర్‌కా?"

"ఆఁ. గప్పటిసంది ఆని గొంతొక్కటే ఇనవడుతది."

"ఏమంటడు?"

"ఎప్పుడూ నా పేరే పిలుస్తడు. ఇయ్యాల నిన్ను గూడ పిలుస్తుండు అవ్వా."

"నన్నెందుకు?"

"ఫిరంగి పగిలే ముందట ఆడు అరిసిన మాటే అంటుండు. చెవులు మూసుకొమ్మంటుండు."

ఆగిపోయిన సాంచెల నడుమ, తల్లి చేతులు మెల్లగా చెవుల మీదికి పోయాయి.