గేటు బయట బండిల ఉన్నడు

పంతొమ్మిది వందల అరవై ఏడు, ఎండకాలం, మిట్టమధ్యాహ్నం. కోదాడ తొవ్వల ఒక దవాఖాన, అర్జంటు కేసుల గది. నర్సు ఆండాళు ఒక ముసలామె చేతులు రెండూ బ్యాండేజీ గుడ్డతోని మంచానికి కట్టింది.

"కట్లు ఇప్పు సిస్టరమ్మా, నీ కాళ్లు మొక్కుత."

"మొక్కనీకి చేతులేవి? పండుకో. రెండుసార్లు మంచం దిగి ఉరికినవ్. తొంటి ఇరిగితె ఎవరు జవాబు చెప్పాలె?"

"నాకేం కాలేదు బిడ్డా. మా ఆయన గేటు బయట బండిల ఉన్నడు. కోటయ్య."

"ఉన్నడు, ఉన్నడు. నీ పేరేంది?"

"దేవమ్మ. మాది నడిగూడెం. గవన్నీ సెప్పిన గద! కట్టెలు కొడ్తుంటె గొడ్డలి జారి ఆయన పిక్కల దిగింది. రక్తం ఆగుతలేదు."

"రక్తం నీ చీర మీదున్నది. ఏడ తాకిందో సూపియ్యమంటె సూపియ్యవ్."

"నాది కాదమ్మా! ఆయన కాలు ఒళ్ల పెట్టుకొని బండి తోలుకొచ్చిన."

"గేటుకాడ పడిపోయినవ్. కాంపౌండరు ఎత్తుకొచ్చిండు. యాదికున్నదా?"

"మిమ్ముల పిలువనీకి ఉరికొచ్చి పడ్డ. అన్నీ యాదికున్నయ్."

"అయితె ఇయ్యాల ఏం వారం?"

"బేస్తారం. అంగడి. నువ్వు వారాలడుగుతవ్, ఆడ ఆయన పానం..."

"సూసినవా! ముసలోళ్లు అన్నీ సక్కగనే చెప్తరు, మొగని ముచ్చట కాడనే తప్పుతరు."

"కిటికీలకెల్లి తొంగి సూడు తల్లీ. ఒక్కసారి."

"అంగడి రోజు నలభై బండ్లుంటయ్. ఏది సూడాలె?"

"ఎండ తగుల్తదని మీద బొంత కప్పిన. గా బండి."

"మొన్నొక ముసలాయన గిట్లనే. పెండ్లాం సద్ది తెచ్చింది, తలుపు తియ్యమని ఒకటే లొల్లి. ఆమె పోయి పదేండ్లాయె. గీ వయసుల అందరు గింతే. జరసేపైతె సల్లబడ్తవ్."

"నేను కాదు, ఆయన సల్లబడ్తడు! పోవద్దని కొంగు పట్టుకున్నడు సిస్టరమ్మా. గిప్పుడే వస్తనని ఇడిపిచ్చుకొని వచ్చిన."

"ఇగ కండ్లు మూసుకో."

"నేనెట్ల సెప్తె నమ్ముతవ్?"

"నాకు కండ్లు లేవా? నొసట బొట్టు లేదు, బొట్టు పెట్టిన మచ్చ గుడ లేదు. పాపం, ఎన్నడు పోయిండో ఏమో."

"బొట్టు లేదనా? మేం కిరస్తానోళ్లం బిడ్డా. మొగడున్నా బొట్టు పెట్టం."