మంత్రి నోరు కడుక్కున్నాడు

పరిశోధక విద్యార్థిని తన ప్రొఫెసరు బల్ల ముందు నిలబడే ఉంది. ఆయన సంతకం పెడితేనే, ఒక మహానాటకకర్త మీద ఆమె రాసిన థీసిస్ గడప దాటుతుంది.

"మూడో అధ్యాయం తీసేయమ్మా, ఇప్పుడే పెడతాను."

"తీయను సార్."

"'జనం గొర్రెలు, కాపరి ఉండాల్సిందే.' ఆ మహానాటకకర్త రాజకీయం ఇదేనని నా పుస్తకంలో రాశాను. ఇన్నేళ్ళుగా అందరూ అదే చదువుకుంటున్నారు."

"ఆ మాట నాటకంలో మంత్రిది సార్, రాసినాయనది కాదు. రాజు అటు వెళ్ళగానే మంత్రి నీళ్ళతో నోరు పుక్కిలిస్తాడు. అచ్చులో ఉంది. భయపడి ఆడిన అబద్ధాన్ని కడుక్కుంటున్నాడు."



"కాలేజీలో ఆ మంత్రి వేషం నేనే వేశాను. స్టేజీ తడుస్తుందని ఆ ముక్క తీసేశాం. అలాగే గుర్తుండిపోయింది, మళ్ళీ తెరిచి చూడలేదు."

 అయినా ఆమె మెత్తబడలేదు.

"అధ్యాయం ఉంటుంది సార్. మీరు కాదంటే వేరే గైడును వెతుక్కుంటాను."

"ఇందులో నా పుస్తకం పేరెక్కడా లేదేం?"

"మర్యాదగా ఉండదని..."

"రాయి. తప్పన్నాక ఎవరిదో చెప్పాలి. ఆ పెన్ను ఇటివ్వు. ముందు ఆ మంచినీళ్ళ సీసా ఇవ్వు, నోరు కడుక్కోవాలి."