రూపాయి వడ్డీ

బాపట్లలో, రిటైరైన లెక్కల మాస్టారు జార్జి ఇంటి వరండా. కుట్టుపని చేసుకునే దేవకుమారి జున్ను గిన్నెతో వచ్చింది. ఆమె వైపు చూడ్డానికి మాస్టారికి ముఖం చెల్లలేదు.

“తీసుకోండి మాస్టారూ. పోయినేడు మీరు ఇప్పించిన లక్ష అప్పూ నిన్నటితో తీరిపోయిందండి.”

“ఎందుకమ్మా ఇవన్నీ... అక్కడ పెట్టు.”

“అక్కడ పెడితే చీమలు పట్టేస్తాయండి. అన్నట్టు సాయంత్రం మీ అల్లుడు దీపక్ బాబు వస్తానన్నారు, వాళ్ల ఫైనాన్సు కంపెనీ కొత్త లోను కాగితాలతో. రెండు లక్షలు. మా అమ్మాయి సుజన నర్సింగు ఫీజుకి. మళ్లీ అదే రూపాయి వడ్డీ.”

“సంతకం పెట్టకు.”

“అదేంటండి? రూపాయి వడ్డీకి ఇప్పుడెవరిస్తున్నారు? బ్యాంకులో డిపాజిట్ కదపొద్దు, ఇది తీసుకో అన్నది మీరే కదండి!”

“అన్నాను. అన్నానమ్మా... నెలకెంత కట్టావు?”

“తొమ్మిది వేల మూడొందల చిల్లరండి. అందులో వడ్డీ వెయ్యి.”

“ఆరు నెలలయ్యేసరికి అసలు సగం తీర్చేశావు. మిగిలింది యాభై వేలు. వడ్డీ తగ్గించారా?”

“లేదండి. అదే వెయ్యి.”

“యాభై వేలకి నెలకి వెయ్యంటే, ఎన్ని రూపాయల వడ్డీ?”

“రెండు... రెండు రూపాయలండి.”

“ఆఖరి నెల నువ్వు బాకీ ఉన్నది ఎనిమిది వేల చిల్లర. దానికీ వెయ్యే.”

“అయ్యబాబోయ్! పన్నెండు రూపాయలా!”

“ఏడాది మొత్తం చూస్తే దాదాపు ఇరవై రెండు శాతం పడింది నీకు. వాళ్లు చెప్పింది పన్నెండు. నీ డిపాజిట్ మీద బ్యాంకిచ్చేది ఏడు. అదే తీసి వాడుకోమనాల్సింది నేను.”

“పోనీలెండి. పెద్దవారు, ఎక్కడో లెక్క తప్పి ఉంటారు.”

“ఆ వడ్డీ పన్నెండు వేలూ నేనిస్తాను. పెన్షను పడింది.”

“ఛ ఛ, అవేం మాటలండి! పొరపాటుకి డబ్బులు తీసుకుంటానా? మా సుజనకి పైసా పుచ్చుకోకుండా లెక్కలు చెప్పారు మీరు.”

“తీసుకోమ్మా. బతిమాలుతున్నాను.”

“వద్దంటే వద్దండి. పొరపాటు ఎవరికైనా...”

“పొరపాటు కాదు.”

“ఏంటండి?”

“ముప్పై ఏళ్లు బళ్లో ఈ లెక్కే చెప్పాను. ఆ రోజూ తెలుసు నాకు. దీపక్‌కి ఆ నెల టార్గెట్‌కి ఒక్క లోను తగ్గింది. అది తేకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తారని మా అమ్మాయి స్టెల్లా ఒకటే ఏడుపు. నువ్వు... నువ్వైతే నా మాట కాదనవని...”

“నేనైతేనా?”

“సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా ఏడాదిగా. తిట్టు. ఏదో ఒకటి అను దేవకుమారీ.”

“తిట్టనండి. ఆ పన్నెండు వేలూ తెచ్చివ్వండి మాస్టారూ. లెక్కపెట్టుకుని వెళ్తాను.”