మూలకి మూల కొలిసినాక

"మామ్మా, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. మొన్న బడి మీటింగులో లెక్కల పాఠానికి ట్యాబులు వద్దని అందరూ అంటుంటే మీరొక్కరే లేచి ఉండాలన్నారు. ఎందుకన్నారో మొదట్నుంచీ చెప్పండి."

ఎట్టీసినావా? ఆ ఎర్ర సుక్క ఎలుగుతన్నాది, అదేనా? సరే. కొంచెం ఇటు జరుగమ్మా, ఎండ నీ మొకం మీద పడతన్నాది. పంతులమ్మవైతే మాత్రం ఏటి, మా ఇంటి ఆడగుంట లాటిదానివే నువ్వు.

మొదట్నుంచంటే ఎక్కడ్నుంచి సెప్పమంటావు? నాను సదివింది ఐదో తరగతి. కాదు కాదు, ఐదులో కూకున్నాను గానీ పరీచ్చ రాయనేదు. మా సెల్లి పుట్టింది, దాన్ని ఎత్తుకోడానికి మా యమ్మ నన్ను ఇంటికాడ ఉంచీసినాది. అప్పుడు సీపురుపల్లి సంతలో ఐదు పైసలెట్టితే గుప్పెడు బలపాలొచ్చీవి. సగం రాయడానికి, సగం తినడానికి. నవ్వకు, బలపాలు తినని గుంట మా బళ్ళో ఒక్కర్తీ నేదు. ఎక్కాలు మాత్రం పాట పాడినట్టు పాడీసీదాన్ని. ఎందుకలగ వస్తాది అని అడగడం నేదు. అడిగితే మా పంతులుగోరు తొడపాశం పెట్టీవోరు. అంచేత నాకు నోరు తిరిగింది గానీ నెక్క తెలవనేదు, నిజం సెప్తన్నాను.

ఆఁ, ట్యాబు సంగతి కదూ నువ్వడిగింది. దానికంటే ముందు సేను సంగతి సెప్పాలి. సేను తెలవకపోతే ట్యాబు తెలవదు.

మా మావ, అంటే మా ఇంటాయన తండ్రి, బతికుండగానే ఇద్దరు కొడుకులకీ భూమి పంచీసినాడు. రోడ్డు పక్కనొకటి, గెడ్డంటే సిన్న ఏరులే, దాని ఒడ్డునొకటి, రెండు మడులు. తాడేసి కొలిసినారు. మాకాడ పెద్దోళ్ళ కొలత ఎలగంటే, ఎదురెదురు గట్లు రెండూ కలిపి సగం సేస్తారు. ఇటు రెండూ అలగే కలిపి సగం సేస్తారు. ఆ రెండు సగాలూ గుణిస్తే అదే భూమి. ఊళ్ళో అందరికీ అదే నెక్క. అలగ కొలిస్తే రెండు మడులూ సరిగ్గా సమానం వొచ్చీసినాయి. మా బావగోరు దరమాత్ముడు, ఉన్నమాట సెప్పాలి కదా, "తమ్ముడా, ఏది కావాలో ముందు నువ్వే ఏరుకో" అన్నాడు. మా ఇంటాయన గెడ్డ పక్కదైతే నీళ్ళకి బెంగుండదని అదే ఏరుకున్నాడు. ఇందులో ఎవులి మోసమూ నేదు. అది గుర్తెట్టుకో.

ఆ ఏడు ఊడుపులు. రెండు మడులకీ ఒక్కలాగే నారు పోసినారు. నాను కొత్త కోడల్ని. మా తోటికోడలు, అప్ప అంటాను నాను, ఆవిడ మడిలో నారు సరిగ్గా సరిపోయింది. నా మడిలో ఊడుపు అయిపోయినాక గట్టు మీద నారు కట్టలు మిగిలిపోయినాయి. మా అత్త సూసింది. "ఏటే, పలసగా ఊడిసీసినావా? ఒళ్ళొంగదేటే నీకు?" అన్నాది అందరి ముందూ. పలసగా ఊడవనేదు తల్లీ! జానెడు జానెడు సూసుకుని ఊడిసినాను. ఇక కోతలకి మా బస్తాలు తగ్గినాయి. అప్పుడు మా అత్త ఇంకో మాట అన్నాది. "దాని సెయ్యి మంచిది కాదు" అన్నాది.

ఆ మాట అంటే ఏటో నీకు తెలవదు, టౌనుదానివి. మాకాడ ఊడుపు మొదలెట్టిన రోజు తొలి కట్ట మంచి సెయ్యున్న ఆడదాని సేత ఏయిస్తారు. పసుపు రాసి, గట్టుకి దండం పెట్టించి ఏయిస్తారు. అలాటి సెయ్యున్నదెవర్తో ఆవిడ్నే ఊరంతా పిలుస్తారు. నన్ను ఒక్కనాడూ పిలవనేదు. పిలవకపోతే పోయిందిలే అనుకోవొచ్చు. ఆవకాయ కలిపినప్పుడు జాడీలో సెయ్యి పెట్టనిచ్చీవోరు కారు. పెళ్ళిళ్ళలో నాను అచ్చింతలు ఎనకనుంచి ఏసీదాన్ని. ఎవులూ ఎనక్కెల్లమని సెప్పనేదు, నాకే ముందుకెళ్ళ బుద్ధయ్యీది కాదు. ప్రెతి ఏడూ నారు మిగిలీది, ప్రెతి ఏడూ బస్తాలు తగ్గీవి. ఎరువేస్తే కాదు, గట్టు ఏస్తే కాదు. శ్రీకూర్మం ఎల్లి మొక్కుకున్నాను కూడాను. దేముడు మాత్రం ఏటి సేస్తాడు, ఆయన నారు మిగిల్చినాడేటి?

కానీ నాకొకటి ఉండిపోయింది లోపల. ఏడుపొక్కటే కాదమ్మా. ఎందుకు మిగులుతాది అని. గట్టు మీద కూకుని ఆ కట్టలకేసి సూసీదాన్ని. అదే మనిషిని, అదే జానెడు, అప్ప మడిలో కూలికెల్లి ఊడిస్తే సరిపోతాది, నా మడిలో మిగులుతాది. ఒకే సెయ్యి రోడ్డు పక్కన మంచిదీ, గెడ్డ పక్కన సెడ్డదీ అవుతాదేటి? ఈ మాట మా ఇంటాయన్ని అడిగితే, "నీకు పనేటీ నేదా" అనీవోడు. పోయినాడు పాపం, ఆడికీ తెలవకుండానే పోయినాడు.

"ట్యాబు ఎలా వచ్చింది మామ్మా మధ్యలో?"

వస్తన్నానే, తొందరెందుకు? మా మౌనిక, నా కొడుకు కూతురు, నీ తొమ్మిదో తరగతిదే కదా. నెక్కలంటే దానికి జొరం. పరీచ్చ తప్పినాక "పదో తరగతితో సాలు మామ్మా, నాను సదవలేను" అనీసింది. దాని కళ్ళలో నాకు నానే కనిపించినాను, ఏటి సెప్పను. నువ్వొచ్చినాక ట్యాబులిచ్చి, మీ మీ సేన్ల బొమ్మలు గీసుకు రమ్మన్నావా? ఇదిగో ఈ అరుగు మీదే కూకుని ఏలితో గీతలు పట్టి లాగతన్నాది. నా కొడుకు పొలం నుంచొచ్చి సూసినాడు. "ఇదేటి సదువు? బొమ్మలు పట్టుకు లాగడం ఆటా, నెక్కా?" అని కసిరి, లాక్కుని ట్రంకు పెట్టెలో పెట్టీసినాడు. శనివారం మీటింగులో తిరిగిచ్చీసి, అన్ని ట్యాబులూ బీరువాలో పెట్టించీసి, బోర్డు మీదే సెప్పించమని తండ్రులందరూ మాటాడుకున్నారంట. మౌనిక ఒకటే ఏడుపు. "మామ్మా, ఇప్పుడిప్పుడే తెలుస్తన్నాది, తీసీసుకుంటే నాకింక రాదు" అన్నాది.

నా కొడుకు తెలివి సూడు. ట్రంకు పెట్టె నాది. తాళం నా మొలనే ఉంటాది! మర్నాడు ఆడు పొలానికెళ్ళినాక తీసీసినాను. జాలితో తీసినాననుకుంటన్నావేమో. జాలి కొంతే. ఆ ఆటేటో సూద్దామని తీసినాను.

"మామ్మా, ఇది మన గెడ్డ మడి. నాలుగు గట్లూ ఎంతెంతో నాన్నని అడిగి ఏసినాను. టీచరు దీన్లో ఎలగ అమర్చినారంటే, మూల పట్టుకుని లాగినా గట్టు పొడుగు మారదు. లోపల భూమి ఎంతో ఇక్కడ అంకె సూడు" అన్నాది. ఏదీ, నన్ను లాగనీ అన్నాను. ఏలు పెడితే మొదట కదలనేదు, నా ఏలు మొరటుది కదా. తడిసేసి మళ్ళీ పెట్టినాను. కదిలింది! మూల పక్కకి ఒరుగుతన్నాది, గట్లు అవే, పొడుగు మారనేదు. లోపల అంకె మాత్రం తగ్గిపోతన్నాది. ఇంకా తోసినాను, ఇంకా తగ్గింది. బాగా తోసీసరికి నాలుగు గీతలూ ఒకదాని మీదొకటి పడుకుని సేను నేకుండా పోయింది! ఓలమ్మో, నా మడి ఎక్కడికెళ్ళిపోయిందే అని అరిసీసినాను. మౌనిక పడీపడీ నవ్వింది. ఎనక్కి లాగితే మళ్ళీ వొచ్చింది.

అప్పుడు తట్టింది తల్లీ. నులక మంచం సూసినావు కదా. కీళ్ళు వదులైతే పక్కకి ఒరిగిపోద్ది. పట్టెలు అవే, పొడుగు అదే, కానీ ఇద్దరు పడుకున్న మంచం మీద ఒకడు కూడా పట్టడు. గెడ్డ ఒరిగి పారతాది కదా, దానితోపాటు మా మడీ ఒరిగే ఉన్నాది. అందరూ గట్లే కొలిసినారు. ఒరుగు ఎవులూ కొలవనేదు.

"మరి మనది ఎంత ఒరిగిందో దీనికి తెలుసేటే?" అన్నాను. "దీనికెలగ తెలుస్తాది మామ్మా? నాలుగు గట్లూ సాలవు. మూలకి మూల కూడా కొలవాలి" అన్నాది. సూడు, నెక్కలు రావన్న గుంట! ఆ మాట అది పుస్తకం సూసి అననేదు. తన సేత్తో లాగింది కాబట్టి అన్నాది.

తాడట్టుకుని పొలానికెళ్ళినాం. నా కొడుకు మమ్మల్ని సూసి, దాని సేతిలో ట్యాబు సూసి, నోరు తెరిసినాడు. "నోరు ముయ్యి, ఈ సివర పట్టుకో" అన్నాను. అమ్మని కదా, పట్టుకున్నాడు. ఈ మూల నుంచి ఆ మూలకి కొలిసినాం, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిసినాం. ఒకటి సాగిపోయినట్టుంది, ఒకటి కుక్కిపోయినట్టుంది. అప్ప మడికెళ్ళి కొలిస్తే అక్కడ రెండూ ఇంచుమించు సమానం. మౌనిక గట్టు మీద కూకుని ఆ కొలతలు ట్యాబులో ఏసింది. మా మడి తగ్గిందమ్మా. ప్రెతి ఏడూ నారు మిగలడానికి సరిపడా తగ్గింది.

నా కొడుకు తాడు సుట్టుకుంటా నిలబడిపోయినాడు. సిన్నప్పట్నుంచీ మా అత్త మాట ఇనుకుంటా పెరిగినోడే కదా ఆడూను. "అమ్మా, అయితే నీ సెయ్యి..." అని ఆగిపోయినాడు. పనుందని గెడ్డలోకి దిగిపోయినాడు, మొకం కడుక్కోడానికి. ఇంటికొచ్చినాక ట్యాబు మౌనిక సేతిలోనే ఉన్నాది.

అందుకే మీటింగులో లేసినాను. నీ మొకం సూసినాను ఆ రోజు, బీరువా తాళాలు సేతిలో పట్టుకుని ఇచ్చీడానికి తయారుగా ఉన్నావు. నాకు కోపమొచ్చింది నీ మీద. ఆ తండ్రులకేసి తిరిగి, బోర్డు మీద బొమ్మ గీస్తే గీసినకాడే ఉంటాది నాయనా, దీన్లో అయితే గుంట లాగి సూసుకుంటాది, ఇలగైతే ఏటవుద్ది, అలగైతే ఏటవుద్ది అని తనే అడుగుద్ది, తొడపాశం పెట్టీవోడు ఉండడు అన్నాను. ఒకడు లేసి, "మరి గుంటలు రీల్సు సూస్తారు కదే మామ్మా" అన్నాడు. సూస్తారు, నేదనను. తెగుద్దని కత్తిపీట మానీసినామేటి? పక్కన కూకోవాలి. నువ్వు కూకుంటన్నావా అన్నాను. నా కొడుకు ఎనక బల్ల మీంచి, "ఉంచండి మేడం, ఉంచండి" అన్నాడు. అది కదా అసలు గొప్ప.

"మరి మీ తోటికోడలికి చెప్పారా?"

సెప్పకుండా ఉంటానేటి? భూమి అడగడానికి కాదమ్మా, ఈ వయసులో నాకు భూమెందుకు? అప్పకి కళ్ళు సరిగ్గా ఆనవు. మౌనిక ట్యాబు ఒళ్ళో పెట్టి, ఏలు పట్టుకుని లాగించింది. అప్ప లాగింది. ఎనక్కి లాగింది. మళ్ళీ లాగింది. ఆవిడా కొన్నిసార్లు అన్నాదిలే నన్ను, ఊరంతా అన్నట్టే. తరవాత నా సెయ్యి అందుకుని, ఇలగ తిప్పి తిప్పి సూసి, "ఒసే, మంచి సెయ్యిని ఇన్నాళ్ళూ పాడుసేసుకున్నామే" అన్నాది. ఇద్దరం ఏడిసీసినాం. మౌనిక మాకు మంచినీళ్ళు తెచ్చింది.

రేపు అప్ప మడిలో ఊడుపు. తొలి కట్ట నన్నే ఎయ్యమన్నాది. నడుము వొంగుతాదో నేదో, పట్టుకోడానికి నా కొడుకుంటాడులే. నువ్వు కూడా రా. బళ్ళో పిల్లల్నీ తీసుకురా, తాళ్ళు పట్టుకు రమ్మను, ఊళ్ళో ఒరిగిన మడులు శానా ఉన్నాయి.

ఇంక ఆ సుక్క ఆర్పీసుకో. ఆగు, ఆర్పకు. ఇలా రా, తల వొంచు. ఇంకొంచెం వొంచు, పొడుగైపోయినావు. నాను ఇన్నేళ్ళలో ఎవులి నెత్తి మీదా సెయ్యెట్టి దీవించనేదు తల్లీ, భయమేసీది. సల్లగా ఉండు. మా గుంటల సేత ఎందుకు అని అడిగించు.

ఎట్టినాను సూడు. ఈ సెయ్యి మంచిదే.