నొక్కకముందే తెరుచుకున్న దుకాణం

మెరుపన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే ఆ పూట గ్లాసులు ఖాళీ అవుతాయి గాని కథ అయిపోదు. సైట్లు కట్టడం, నత్తనడక నడిచే సైట్లని పరిగెత్తించడం ఆయన పని. మెరుపు అనే పేరు తనకి తనే పెట్టుకున్నాడని మా అందరికీ తెలుసు, పోనీలే అని అలాగే పిలుస్తాం. ఆ మధ్యాహ్నం బెంచీ మీద ఆయన, తాళాలు బాగుచేసే పెద్దాయన, పార్సిళ్లు పంచే నేను, ముగ్గురమే ఉన్నాం. కొట్టు నడిపే అక్క పాలు పొంగకుండా చూసుకుంటూ మా మాటలు వింటోంది. పెద్దాయన ఊరికే ఉండలేక, ఏదో షాపు సైటు తెరుచుకునేలోగా కునుకు పట్టేసిందని అన్నాడు. అంతే, మెరుపన్న గ్లాసు కింద పెట్టేశాడు.

"అదేం చూశావు పెద్దాయనా, మా ఆవిడ బొంతల సైటు మొదట్లో చూడాల్సింది నువ్వు. తెరిస్తే తెల్లటి తెర, మధ్యలో ఒక చక్రం, అది తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది, బొంత కొందామని వచ్చినవాళ్లు చలికి ఆగలేక పక్క షాపుకి పోయేవాళ్లు. నెట్లో గిరాకీ అంటే ఏమనుకున్నావు, మన అక్క కొట్లో లాగా బెంచీ మీద కూచుని కబుర్లు చెప్పుకుంటారా? ఆవులించేంత సేపు కూడా ఆగరు. వీధిలో దుకాణమైతే పోతున్నవాణ్ణి కేకేసి పిలవొచ్చు. ఇక్కడ వచ్చాడనీ తెలీదు, పోయాడనీ తెలీదు. పాపం మా ఆవిడ, పాత చొక్కాలూ చీరలూ ముక్కలు చేసి, ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలో పూటంతా నేల మీద పరుచుకుని చూసి కుట్టేది. అంత చేసి ఒక్క ఆర్డరు రాక, మిషను మీద తల ఆనించుకుని కూచునేది. నాకు చూడబుద్ధి కాలేదు. సరే, కట్టుకున్నవాడు మెరుపై ఉండి ఇదేమిటని నేనే రంగంలోకి దిగాను."

"బొంతలు మాత్రం బంగారంలా ఉంటాయి" అంది అక్క.

"చూశావా, అక్క చెప్పింది. ముందు ఫోటోల పని పట్టాను. ఒక్కొక్కటీ గోడంత. అన్నిటినీ బక్కచిక్కించాను. కుట్టు కనపడాలి గాని సూది దూరిన కన్నం కనపడక్కర్లేదు కదా. పేజీ తెరవగానే ఒక పాట మోగేది, పీకేశాను. పైనుంచి పూలు రాలేవి, ఊడ్చేశాను. ఇంతా చేసినా ఇంకా ఎక్కడో బరువుంది. వెతగ్గా వెతగ్గా దొరికింది. పేజీ నెత్తిన మా ఆవిడ ఫోటో. మిషను ముందు కూచుని, పళ్ల మధ్య దారం పట్టుకుని, ఎవరో పిలిస్తే తలెత్తినట్టుంటుంది. పిలిచింది నేనే అనుకో, తీసిందీ నేనే. మొత్తం సైటులో అన్నిటికన్నా బరువు అదే. తీసి అవతల పెట్టాను. అంతే, అక్క టీ వడపోసేలోగా పేజీ తెరుచుకుంది."

"మిగతావాటిలాగా దాన్నీ చిన్నది చెయ్యొచ్చుగా?" అన్నాడు పెద్దాయన.

మెరుపన్న ఆ మాట వినపడనట్టే ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. వదినేమందని నేనడిగాను.

"ఏమంటుంది, సంతోషించింది. కాసేపు తెర వంక చూసి, 'బాగుంది, తేలిగ్గా ఉంది' అంది. ఆర్డర్లు వచ్చిపడుతుంటే మా ఇల్లు చాల్లేదు. వాళ్లక్కగారింట్లో గదులు పెద్దవి, మిషను పెట్టుకోవడానికి బాగుంటుందని వెళ్లింది. పని మీదే వెళ్లింది. మీరేదో అనుకుంటారు."

మేమేమీ అనుకోలేదు. అక్క మాత్రం పొయ్యి మంట తగ్గించి, అడక్కుండానే ఆయన గ్లాసు నింపింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను అక్కడితో ఆగితే మెరుపుని ఎలా అవుతాను? ఇంట్లో ఒక్కణ్ణే, వంట లేదు, మాట లేదు, ఆ సైటునే పట్టుకుని ఇంకాస్త సానబెట్టాను. కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకోవడం మొదలెట్టింది. ఇంకాస్త పెట్టాను. ఈసారి నొక్కకముందే తెరుచుకుంది. వేలు అటు కదిలిందో లేదో, బొంతలన్నీ కళ్ల ముందు. ఎక్కడో ఒక ముసలావిడ కిటికీ దగ్గర కూచుని 'అబ్బ, చలి' అనుకుందట, పైకి కూడా అనలేదు, మనసులో అనుకుంది, అంతే, ఆవిడ ఫోన్లో మా ఎర్రంచు బొంత. ఆవిడ భయపడి ఫోను నీళ్ల బకెట్లో పడేస్తే, బకెట్లోంచి ఆర్డరొచ్చింది."

"తడిసిందా?" అన్నాడు పెద్దాయన.

"ఆర్డరు తడవలేదు, డబ్బా అడుగున చిన్న చెమ్మ. అది కాదు అసలు సంగతి. ఆర్డరు పెట్టకముందే పార్సిలు గుమ్మంలో ఉండేది. జనం తలుపు తీసి, ముందు బొంత కప్పుకుని, నిద్ర లేచాక తీరిగ్గా కొనేవాళ్లు."

"అన్నా, ఈ ఊళ్లో పార్సిళ్లు పంచేది నేను" అన్నాను.

"నీ దాకా ఎక్కడొచ్చాయి తమ్ముడూ, నువ్వు బండి తాళం వెతుక్కునేలోగా అవే వెళ్లిపోయేవి. ఒకాయనకైతే బొంత ముందొచ్చింది, పెళ్లి తర్వాత కుదిరింది. ఇంకొకాయన నచ్చలేదని తిరిగి పంపాడు, ఇంకా కొననేలేదు. అట్లా నడుస్తుండగా ఒకరోజు, అదిగో, ఇది మీరు నమ్మరు."

ఇంతవరకూ నమ్మినట్టు మాట్లాడతావేమిటి అని పెద్దాయన గొణిగాడు. మెరుపన్న బెంచీ అంచుకి జరిగాడు. గొంతు తగ్గింది. ఎప్పుడూ మా మొహాలు చూస్తూ కోతలు కోసే మనిషి, ఈసారి రోడ్డు వంక చూస్తూ చెప్పాడు.

"వేగం మరీ ముదిరి, సైటు ఇవాళ్టిని దాటి వెనక్కి పోయింది. పొద్దున్నే తెరిచాను. తెరిస్తే, నేను తీసేసిన ఫోటో. పేజీలో ఉండకూడదు, ఉంది. మిషను, దారం, ఆ పాత ఆకుపచ్చ జాకెట్టు, అన్నీ ఉన్నాయి. చూస్తూ ఉంటే దారం కదిలింది. ఫోటో కాదది, ఆ రోజే. మా ముందుగది. కిటికీలోంచి ఎండ కూడా అట్లాగే పడుతోంది. ఆవిడ దారం పుటుక్కున తెంపి, తలెత్తి, 'టీ తాగారా?' అంది. నేను లేదని చెప్దామని నోరు తెరిచాను. ఆ వేగానికి పేజీ మూసుకుపోయింది. నేను కట్టిన వేగమే, ఒక్క మాట చెప్పనివ్వలేదు. అప్పట్నుంచీ రోజూ కూచుని దాన్ని నెమ్మది చేద్దామని చూస్తున్నాను. పాట మళ్లీ పెట్టాను, పూలు మళ్లీ రాల్చాను. చక్రం తిరిగితే బాగుండు, కాసేపు తిరగనీ, ఎంతసేపైనా కూచుంటాను. తిరగదే. పరిగెత్తించడమే వచ్చు నాకు, ఆపడం రాదు. ఆవిడ లేకుండా ఆ ఇంట్లో ఉండలేకపోతున్నానక్కా."

రోడ్డు మీద ఒక బండి పోయింది. అక్క కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తమ్ముడూ, పొద్దున ఒక బొంత కావాలని మరదలికి ఫోన్ చేశాను. సైటూ లేదు, చక్రమూ లేదు. ఒక్క రింగుకే ఎత్తింది. ఎత్తీ ఎత్తగానే 'ఏమండీ' అంది. నా గొంతు విన్నాక చాలాసేపు మాట్లాడలేదు."

మెరుపన్న గ్లాసు పట్టుకుందామని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. మరదలు ఆ ఫోను ఆయన కోసం ఎన్నాళ్లుగా చేతిలో పట్టుకుని కూచుందోనని అక్క మెల్లిగా అంది. ఫోటో తీసేసినందుకు కోపం ఉంటే ఉండనీ, తిడుతుంది, తిట్టించుకో, తిట్టడానికైనా నువ్వు చెయ్యాలి కదా అని పెద్దాయన సర్దిచెప్పాడు. మెరుపన్న తలూపాడు. జేబులోంచి ఫోను తీశాడు, చొక్కాకి తుడిచాడు, చెవికి ఆనించుకున్నాడు.

"లైను బిజీ" అన్నాడు కాసేపటికి. "చూశారా మరి, ఎన్ని ఆర్డర్లో. ప్రపంచమంతా ఆవిడకే చేస్తున్నట్టుంది."

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఫోను తెర వెలగనే లేదు.

"అన్నా" అన్నాను, "నువ్వింకా నంబరు నొక్కలేదు."