మతి చెదిరిన వారిపై హత్యానేరం మోపని కలం

1989 జూలై 3వ తేదీ, సోమవారం ఉదయం మా ప్రచురణ సంస్థ నవలా విభాగంలో ప్రూఫు రీడరుగా చేరిన నా సహోద్యోగిని, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారితో ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుతురులో పనిచేసిన దానిని గనుక ఈ వ్యాసం రాసే గౌరవం నాకు దక్కింది. అభినందన సంచికలో అప్రియమైన ప్రస్తావనలు వద్దని సంపాదకవర్గం సూచించింది. ఆ సూచనను శ్రద్ధగా చదివాను; పాటించలేకపోతున్నాను.

ఆ రోజుల్లో మా సంస్థ వెలువరించే నేరపరిశోధన నవలల్లో, చివరి అధ్యాయానికి హంతకుడు కుదరకపోతే ఒక పిచ్చివాణ్ణి తెచ్చి నిలబెట్టడం ఆనవాయితీ. కారణం చెప్పనక్కరలేదు, సాక్ష్యం చూపనక్కరలేదు. గొలుసుతో కట్టి బిగ్గరగా నవ్విస్తే చాలు, పుస్తకం అచ్చుకు పోయేది. అటువంటి ప్రూఫులు కొన్నేళ్లు దిద్దిన మీదట, వీరు ఒకనాడు ఆ కాగితాల కట్టతో యజమాని గదిలోకి వెళ్లారు.

"మళ్లీ పిచ్చివాడేనండీ! మతి సరిగ్గా ఉన్నవాళ్లెవరూ హత్యలు చెయ్యరా?"

"అంత బాధగా ఉంటే నువ్వే రాయమ్మా," అన్నారాయన, ఎగతాళిగానే.

రాశారు. జైలు ఆసుపత్రిలో పనిచేసే, నలభై దాటిన, నవ్వు తక్కువైన ఒక మానసిక వైద్యురాలు అలా మా సంస్థలో జన్మించింది. "ఎవరు చేశారు?" అని పోలీసులు గద్దించే చోట ఆమె, "నీకు నిద్రపట్టి ఎన్నాళ్లయింది?" అని అడుగుతుంది. ఆమె కథానాయికగా వెలువడిన పద్దెనిమిది నవలల్లో అసూయాపరులు హత్య చేశారు, ఆస్తిపరులు చేశారు, మర్యాదస్తులు అంతకంటే ఎక్కువగా చేశారు. రోగి మాత్రం ఒక్కడూ చెయ్యలేదు. "హంతకుడెవరో తెలియకపోయినా, ఎవరు కాదో మొదటి పేజీలోనే తెలిసిపోతోంది కదమ్మా!" అని యజమాని తల పట్టుకునేవారు. పట్టుకుంటూనే తరువాతి నవల ఎప్పుడిస్తారని అడిగేవారు.

ఒక వర్షపు మధ్యాహ్నం, తన అక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఒక యువతి మా కార్యాలయానికి వచ్చింది. అక్క చీర అంచు తడిసి కారుతోంది. చూపు నేల మీద నుంచి లేవడం లేదు.

"డాక్టరమ్మ గారి అపాయింట్‌మెంటు కావాలండీ," అని చెల్లెలు మా నవల ఒకటి బల్ల మీద పెట్టింది. అట్ట వెనుక మా చిరునామా ఉన్నది గనుక డాక్టరు ఇక్కడే ఉంటుందని ఆమె నమ్మకం.

"ఆవిడ పుస్తకంలో తప్ప ఎక్కడా కూర్చోరమ్మా!" అన్నాడు ముందు గది గుమస్తా. అక్కడున్నవారందరూ నవ్వారు. మెట్లు దిగి వస్తున్న నా సహోద్యోగిని నవ్వలేదు.

"ఆవిడ ఇక్కడ చూడరు తల్లీ. కానీ అలాగే చూసే డాక్టరుగారు ఒకరు నాకు తెలుసు. పదండి, నేనూ వస్తాను."

అప్పుడు ఆ అక్క తొలిసారి నోరు విప్పింది. "నన్ను కట్టెయ్యరు కదా?"

"కట్టెయ్యరమ్మా. కడితే నేనూరుకుంటానా?"

కొన్నాళ్లకు ఆ అక్క తానుగా వచ్చి, తరువాతి నవల కొనుక్కుని వెళ్లింది.

పాత యజమాని కాలం చేశారు. అమ్మకాలు తగ్గాయన్న కారణంతో కొత్త యాజమాన్యం గత సంవత్సరం ఒక నిర్ణయం ప్రకటించింది: రాబోయే నవలలో ఆ వైద్యురాలికే పిచ్చి పట్టాలి, హంతకురాలు ఆమే కావాలి.

"పాఠకులు ఉలిక్కిపడాలి మేడమ్!" అన్నారు మేనేజరు.

"ఉలిక్కిపడతారు బాబూ. డాక్టరు దగ్గరికి వెళ్దామని అప్పుడప్పుడే ధైర్యం తెచ్చుకుంటున్నవాళ్లు, పుస్తకం మూసేసి ఇంట్లోనే ఉండిపోతారు."

"కథే కదండీ!"

"కథని నమ్మే కదా మన మెట్లెక్కి వచ్చారు!"

వీరు రాయనన్నారు. చట్టరీత్యా ఆ పాత్ర సంస్థకు చెందినది గనుక, ఆ పనిని కొత్తగా చేరిన రచయిత్రికి అప్పగించారు. ఇది వ్యాపార నిర్ణయమట. నాకు తెలిసిన భాషలో దీని పేరు అన్యాయం. ఆనాటి పిచ్చివాడికి గొలుసు వేశారు, ఈనాటి పిచ్చిదానికి తెల్లకోటు తొడిగారు. ప్రగతి అంతవరకే వచ్చింది.

గత వారం ఆ కొత్త రచయిత్రి బెదురుతూ మా గదిలోకి వచ్చింది. "నా మీద కోపంగా ఉందా మేడమ్?"

"నీ మీదెందుకమ్మా? కూర్చో."

ఆ డాక్టరు ఎలా వింటుందో, ఎక్కడ మాట ఆపుతుందో, ఏ ప్రశ్న ఎన్నటికీ అడగదో మధ్యాహ్నమంతా ఓపికగా చెప్పారు. చివరికి కళ్లజోడు తీసి, ఆ అమ్మాయి వైపు చూడకుండా అన్నారు: "ఆవిడకి జబ్బు చేయించక తప్పదంటే చేయించు. అరిపించకు, నవ్వించకు. పక్కన కూర్చోడానికి ఒక మంచి డాక్టర్ని పెట్టు."

ఆ అమ్మాయి తలూపింది. అచ్చయ్యేదాకా ఆ తలూపుకు ఏపాటి విలువ ఉంటుందో నాకు తెలియదు.

వారి భర్తగారికీ, కుమార్తెకూ నాదొక మనవి: ఆ పుస్తకం విడుదలయ్యే రోజున ఇంటి దగ్గర ఉండండి. మా సహోద్యోగినికి కలతలేని నిద్ర, తరగని ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు సమకూరాలనీ, తాను సృష్టించిన మనిషిని పరాయి చేతుల్లో చూడవలసిన ఆ దినాన్ని తట్టుకునే శక్తి వారికి కలగాలనీ మనసారా కోరుకుంటున్నాను.